పొలంలో డీజిల్ పడింది, నూనె తినే బ్యాక్టీరియా డబ్బా కొనమంటున్నారు. ఏం చేయమంటారు?

చివరాయకట్టు | ఫిబ్రవరి 11, రాత్రి 9:40

అందరికీ నమస్కారమండి. మాది రాజోలు వైపు, కాలువ చివర భూములు. మొన్న తెల్లవారుజామున డ్రెయిన్ గట్టు మీద డీజిల్ ట్యాంకర్ బోల్తా పడింది. డ్రైవర్‌కి చెయ్యి విరిగింది కానీ ప్రాణాపాయం తప్పింది. డీజిల్ మాత్రం మా దాళ్వా చేలోకి దిగిపోయింది. నాట్లేసి నెల దాటిన పైరు. గట్టు పక్కన 20 సెంట్లు పూర్తిగా తడిసింది. రెండు రోజుల్లోనే ఆకు చివర్లు తెల్లబడి, మొదళ్లు మెత్తబడి పైరు వాలిపోయింది. నీళ్ల మీద రంగురంగుల పొర. నిన్న అన్నం కలిపి పెడుతుంటే మా చిన్నది "నాన్నా, నీ చెయ్యి బంకు వాసనొస్తోంది" అని ముద్ద తినలేదు. సబ్బుతో నాలుగుసార్లు కడిగిన చెయ్యి అది.

ఈరోజు ఒకతను వచ్చి నూనె తినే బ్యాక్టీరియా అని డబ్బా చూపించాడు. లీటరు 2 వేలు, 10 లీటర్లు చల్లితే 15 రోజుల్లో మట్టి శుభ్రమైపోతుందట. అలాంటి బ్యాక్టీరియా నిజంగా ఉందా? ఉంటే కొనమంటారా? పక్కవాళ్లేమో నీళ్లన్నీ డ్రెయిన్‌లోకి వదిలేసి సర్ఫు పొడి చల్లి కడిగెయ్యమంటున్నారు. నాకేం పాలుపోవడం లేదు.

మైక్రో మేడం | ఫిబ్రవరి 11, రాత్రి 10:15

ముందు ఒక్క మాట. దయచేసి నీళ్లు వదలొద్దు, సర్ఫు చల్లొద్దు. మీ చేను తూము ఇప్పుడు మూసి ఉందా, తెరిచి ఉందా? తెరిచి ఉంటే ఈ రాత్రికే మట్టి, బస్తాలు వేసి గట్టిగా కట్టేయండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

ఎందుకంటే డీజిల్ నీటికన్నా తేలిక. చేలో నీళ్లు నిలబడి ఉన్నంతసేపూ అందులో ఎక్కువ భాగం పైనే తేలుతుంది. నీళ్లు తీసేశారంటే ఆ పొర అలాగే దిగి మట్టికి అంటుకుంటుంది. ఇప్పుడు తేలేదాన్ని చేత్తో తీయొచ్చు, రేపు మట్టిలోకి దిగినదాన్ని తీయలేం. సర్ఫు వేస్తే పొర చిన్న చిన్న బొట్లుగా విడిపోయి నీళ్లలో కలుస్తుంది. కంటికి పోయినట్టు కనిపిస్తుంది కానీ అంతా వేళ్ల దగ్గరికి చేరుతుంది. అదే నీరు డ్రెయిన్‌లోకి పోతే కింద ఎంతమంది చెరువులు నింపుకుంటారో మీకే తెలుసు.

భీమవరం ఆక్వా | ఫిబ్రవరి 11, రాత్రి 10:32

మేడం చెప్పింది అక్షరాలా నిజం. మేము డ్రెయిన్ నీళ్లే తోడుకునే రోజులున్నాయి. డీజిల్ పొర చెరువులోకి వచ్చిందంటే రొయ్య తెల్లారేసరికి పైకి తేలుతుంది. తూము కట్టేయండి బాబాయ్, పుణ్యముంటుంది.

చివరాయకట్టు | ఫిబ్రవరి 11, రాత్రి 11:05

ఇప్పుడే మా తమ్ముడూ నేనూ టార్చిలైటు వేసుకుని వెళ్లి తూము కట్టేసి వచ్చాం. నాలుగు ఇసుక బస్తాలు, మీద బురద. ఓ రెండడుగుల మేర డ్రెయిన్ వైపు పొర కనబడింది, ఎక్కువ పోలేదు.

పీచు మిల్లు | ఫిబ్రవరి 12, ఉదయం 6:20

అంబాజీపేట దగ్గర మాది పీచు మిల్లండి. పైన తేలే పొర తీయడానికి ఎండు పీచును మించింది లేదు. పాత వల ఉంటే అందులో పీచు, వరిగడ్డి కూరి తొడ లావు చుట్టలా కట్టండి. ఇద్దరు రెండు కొనలు పట్టుకుని గాలి వాలుగా పొరను ఒక మూలకి తోసుకెళ్లాలి. 2020లో మారిషస్ దగ్గర వకాషియో అనే ఓడ పగడపు దిబ్బకెక్కి చమురు కారినప్పుడు అక్కడి జనం చెరకు ఆకు నింపి ఇలాంటి చుట్టలే కట్టుకున్నారు. మూలకి చేరాక తట్టతోనో మగ్గుతోనో తోడి డ్రమ్ముల్లో పోయండి. పీచు కావాలంటే నేను పంపిస్తాను, డబ్బులేమీ వద్దు. మీ ఊరి సెంటర్‌కి ఆటో వస్తుంది.

పంచనామా | ఫిబ్రవరి 12, ఉదయం 7:10

నేను రెవెన్యూలో చేసి రిటైరయ్యాను. తోడే ముందు ఫోటోలు, వీడియో తీసుకోండి. వీఆర్వోని పిలిచి పంచనామా రాయించండి, అందులో సెంట్లు, పైరు వయసు, సర్వే నంబరు రావాలి. కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా తెలియజేయండి. తోడిన డీజిల్, తడిసిన పీచు ప్రమాదకర వ్యర్థం కిందకే వస్తాయి. గుంత తీసి పాతిపెట్టడం, పొయ్యిలో తగలెట్టడం చేయొద్దు. ట్యాంకర్ తాలూకు వాళ్లచేతే తీయించండి.

1991లో పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం వచ్చింది. ప్రమాదకర పదార్థాలు రవాణాలోనో నిల్వలోనో ప్రమాదానికి గురై ఆస్తి నష్టం జరిగితే, తప్పెవరిదని తేల్చకుండానే కలెక్టర్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ప్రమాదం జరిగిన 5 ఏళ్లలోపు పెట్టాలి. ఆ చట్టం కింద వచ్చే సాయం ఒక మొత్తానికే పరిమితం, మిగతా నష్టపరిహారం విడిగా అడగాలి. కాగితం ఉంటేనే మాట నిలబడుతుంది తమ్ముడూ, బద్ధకించొద్దు.

మైక్రో మేడం | ఫిబ్రవరి 12, రాత్రి 8:50

ఇప్పుడు అసలు ప్రశ్నకి వస్తాను. కాకినాడలో డిగ్రీ పిల్లలకి సూక్ష్మజీవశాస్త్రం చెబుతాను, ఇది నాకు చాలా దగ్గరి విషయం.

నూనె తినే బ్యాక్టీరియా నిజంగానే ఉంది. ఒకటి కాదు, చాలా జాతులున్నాయి. మట్టిలో సూడోమోనాస్, రోడోకోకస్, అసినెటోబాక్టర్ లాంటివి, సముద్రంలో అల్కానివోరాక్స్ లాంటివి. మెక్సికో గల్ఫ్‌లో 2010లో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు రిగ్గు పేలి, కింద బావి 87 రోజులపాటు చమురు చిమ్మినప్పుడు ఇలాంటి సముద్రపు బ్యాక్టీరియా ఒక్కసారిగా విపరీతంగా పెరిగింది. ఎవరూ తెచ్చి వదల్లేదు, అక్కడ ఉన్నదే తిండి దొరికేసరికి పెరిగింది.

మీ మట్టిలోనూ అది ఉంది. మామూలు మట్టిలో ఇవి మొత్తం బ్యాక్టీరియాలో వందకి ఒక వంతు కూడా ఉండవు. డీజిల్ పడ్డాక మిగతావి చచ్చిపోతుంటే ఇవి పెరుగుతాయి. డీజిల్ అంటే చాలావరకు పది నుంచి ఇరవై పైచిలుకు కార్బన్లు వరసగా ఉన్న గొలుసులు. బ్యాక్టీరియా ఆ గొలుసు కొసకి ఒక ఆక్సిజన్ తగిలిస్తుంది. దాంతో అది ఆల్కహాలవుతుంది, తర్వాత కొవ్వు ఆమ్లం అవుతుంది. అక్కణ్నుంచి రెండేసి కార్బన్ల చొప్పున కోసుకుంటూ పోతుంది. మనం తిన్న నెయ్యిని మన ఒళ్లు కరిగించుకునే దారి కూడా ఇదే. చివరికి మిగిలేది కార్బన్ డయాక్సైడ్, నీళ్లు, బ్యాక్టీరియా ఒళ్లు.

అందుకే డబ్బా మీద 20 వేలు పెట్టకండి అంటాను. కొరత బ్యాక్టీరియాకి కాదు, మీ చేలో దానికి కావాల్సిన గాలికి, నత్రజనికి. దమ్ము చేసిన చేలో, నిలవ నీటి కింద గాలి ఎక్కడిది? ఒక కిలో డీజిల్ పూర్తిగా కరగాలంటే 3 కిలోల పైన ఆక్సిజన్ కావాలి. గాలి లేని బురదలో ఏ కంపెనీ బ్యాక్టీరియా పోసినా ఊపిరాడక కూర్చుంటుంది.

భీమవరం ఆక్వా | ఫిబ్రవరి 12, రాత్రి 9:20

మేడం, మా చెరువులకి సాయిల్ ప్రోబయోటిక్ వాడతాం కదా, బెల్లం కలిపి రాత్రంతా మురగబెట్టి చల్లుతాం. అది ఇక్కడ పనికొస్తుందా? మా ఇంట్లో నాలుగు డబ్బాలున్నాయి, ఇచ్చేస్తాను.

మైక్రో మేడం | ఫిబ్రవరి 12, రాత్రి 9:55

మీ మనసు మంచిది కానీ అది ఈ పనికి కాదండి. చెరువు ప్రోబయోటిక్స్‌లో ఎక్కువగా బాసిల్లస్ ఉంటుంది. మేత, రెట్ట తిని అడుగు బురద తగ్గించడానికి ఎంచినవి అవి. డీజిల్ తినడానికి ఎంచినవి కావు. ఇంకో చిక్కు బెల్లంతో. బ్యాక్టీరియాకి బెల్లం, డీజిల్ రెండూ పెడితే ముందు బెల్లమే తింటుంది. అది అయ్యేదాకా డీజిల్ కోసే ఎంజైములు తయారు చేసుకోదు. పైగా ఆ తినడంలో ఉన్న కాస్త ఆక్సిజన్ అయిపోతుంది. అలవాటున మీ చెరువు పక్కన చమురు పొర కనబడితే కూడా బెల్లం పోయకండి. తెల్లవారుజామున డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడిపోయి రొయ్యకే ముప్పు.

కొత్త సాగు | ఫిబ్రవరి 13, ఉదయం 5:45

జీవామృతం సంగతేంటి మేడం? ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి, పుట్ట మన్ను. నేను ఆరేళ్లుగా దాంతోనే వ్యవసాయం చేస్తున్నాను, నాకు దాని మీద నమ్మకం.

మైక్రో మేడం | ఫిబ్రవరి 13, ఉదయం 8:30

మీ నమ్మకాన్ని నేను కొట్టిపారేయను. పేడలో బ్యాక్టీరియా ఉంది, నత్రజని ఉంది, భాస్వరం ఉంది, మట్టిని గుల్ల చేసే పీచు ఉంది. బాగా మాగిన పశువుల ఎరువు ఈ పనికి మంచి సాయం. బెల్లం, పప్పు పిండి మాత్రం మానేయండి. ఇప్పుడు కావాల్సింది తేలిక తిండి కాదు, ఆకలిగా ఉన్న బ్యాక్టీరియా.

గోదారి గట్టు | ఫిబ్రవరి 13, మధ్యాహ్నం 1:10

అమెరికాలో మనవాడే ఒకాయన నూనె తినే సూపర్ బగ్ తయారు చేశాడని చదివాను. అది తెప్పిస్తే సరిపోదా?

మైక్రో మేడం | ఫిబ్రవరి 13, సాయంత్రం 6:40

ఆనంద మోహన్ చక్రవర్తి గారు. బెంగాల్‌లో పుట్టి అమెరికాలో పనిచేశారు. 1970ల మొదట్లో సూడోమోనాస్‌లో చమురులోని వేర్వేరు భాగాలు తినే శక్తినిచ్చే ప్లాస్మిడ్లను, అంటే చిన్న డీఎన్ఏ ముక్కలను, ఒకే బ్యాక్టీరియాలోకి చేర్చారు. జీవికి పేటెంట్ ఇవ్వొచ్చా అన్న కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1980లో 5–4 తీర్పుతో ఆయన పక్షాన వచ్చింది. 2020లో ఆయన కన్నుమూశారు. ఆ తీర్పు ప్రపంచ జీవసాంకేతిక రంగాన్నే మార్చేసింది. నేను ఈ సబ్జెక్టులోకి రావడానికి ఆయన కథే కారణం. కానీ ఆ బ్యాక్టీరియాని సముద్రంలో చమురు తెట్టు మీద వదిలి శుభ్రం చేసిందంటూ లేదు. మార్పు చేసిన జీవిని బయట వదలడానికి అనుమతుల భయం ఒకటి, బయట ఉన్న స్థానిక జీవులతో పోటీ ఇంకొకటి.

మన దేశంలో టెరి అనే పరిశోధన సంస్థ ఆయిల్ జాపర్ అని ఒక మిశ్రమం తయారు చేసింది. మార్పు చేసినవి కావు, ప్రకృతిలో దొరికిన వాటినే ఏరి కలిపి, మొక్కజొన్న కండె పొడికి పట్టించారు. రిఫైనరీల దగ్గర ఏళ్ల తరబడి పేరుకున్న నూనె మడ్డిని శుభ్రం చేయడానికి వాడుతున్నారు. మడ్డి గుంటల్లాంటి చోట, స్థానిక బ్యాక్టీరియా తట్టుకోలేనంత నూనె ఉన్నచోట, బయటి మిశ్రమానికి అర్థం ఉంది. 20 సెంట్ల వరి చేనుకి ఆ అవసరం నాకు కనబడటం లేదు. పైగా మీ దగ్గరికి వచ్చినతను 15 రోజులు అన్నాడు చూశారా, అక్కడే నాకు అనుమానం. నెలలు పట్టే పని ఇది.

చివరాయకట్టు | ఫిబ్రవరి 15, రాత్రి 8:15

పీచు మిల్లు గారూ, మీ పీచు అందిందండి. మీ రుణం తీర్చుకోలేను. రెండు రోజులు ఎనిమిది మందిమి తోడాం. ఆరు డ్రమ్ములు నిండాయి, 1200 లీటర్ల దాకా ఉంటుంది, అందులో నీళ్లు కొంత. ట్యాంకర్ ఓనరు మనిషి వచ్చి డ్రమ్ములు తీసుకెళ్లాడు, రసీదు రాయించుకున్నాను. వీఆర్వో పంచనామా అయింది. ఇప్పుడు పొర పలచబడింది కానీ వాసన ఉంది. ఇక నీళ్లు ఎలా తీయమంటారు?

మైక్రో మేడం | ఫిబ్రవరి 15, రాత్రి 9:00

గట్టు లోపల, పల్లంగా ఉన్న మూల మోకాలి లోతు గుంత తీయండి. ఒక పీవీసీ పైపుని గట్టులో ఏటవాలుగా పెట్టండి. లోపలి కొన గుంత అడుగు దగ్గర, బయటి కొన కాస్త ఎత్తులో, కానీ చేలో నీటి మట్టానికి కిందే ఉండాలి. అప్పుడు అడుగు నీళ్లే బయటకి పోతాయి, పొర లోపలే మిగులుతుంది. బయట కూడా నేరుగా డ్రెయిన్‌లోకి వద్దు. టార్పాలిన్ పరిచిన గుంతలోకి తీసి, ఒక రోజు నిలవపెట్టి, పొర తేలకపోతేనే వదలండి. మిగిలిన పొర మీద ఎండు పీచు పరిచి ఎత్తేయండి.

చచ్చిన పైరు కోసి గేదెలకి వేయొద్దు. దగ్గర్లో చేతిపంపు ఉంటే కొన్నాళ్లు తాగొద్దు, నీళ్లు పరీక్షకి పంపండి.

కాపవరం కుర్రాడు | ఫిబ్రవరి 16, ఉదయం 10:05

మేడం, ఇది చదివాక భయమేసి మా చేను చూసుకున్నాను. మా చేలో ఓ మూల కూడా రంగుల పొర ఉంది! మా వైపు ట్యాంకర్లూ లేవు, పైపులైనూ లేదు. టెన్షన్‌తో నిద్రపట్టలేదు.

మైక్రో మేడం | ఫిబ్రవరి 16, ఉదయం 11:20

చిన్న పుల్ల తీసుకుని ఆ పొరని కదపండి. అద్దం పగిలినట్టు ముక్కలై, ముక్కలు దేనికది విడిగానే ఉంటే అది చమురు కాదు. ఇనుము తినే బ్యాక్టీరియా కట్టిన పొర. నిలవ నీళ్లలో, పక్కన తుప్పు రంగు మడ్డితో కనిపిస్తుంది, హాని లేదు. పుల్ల తీయగానే మళ్లీ చుట్టూ తిరిగి కలిసిపోతే అది నూనె.

కాపవరం కుర్రాడు | ఫిబ్రవరి 16, మధ్యాహ్నం 12:40

పగిలిపోయింది మేడం! పెంకుల్లా విడిపోయింది. అడుగున ఎర్ర మడ్డి కూడా ఉంది. అమ్మయ్య.

మడ గాలి | ఫిబ్రవరి 18, రాత్రి 7:30

నేను కోరంగి వైపు మడ అడవుల దగ్గర పుట్టి పెరిగినవాణ్ణి. మా పాయల్లో మరబోట్ల అడుగు నీళ్లు తోడి పోస్తుంటారు, అందులో ఇంజనాయిలు ఉంటుంది. నల్లమడ చెట్ల చుట్టూ బురదలోంచి పుల్లల్లా పైకి లేచే ఊపిరి వేళ్లు చూసే ఉంటారు. ఒకచోట వాటికి నల్లటి జిడ్డు పట్టింది. వేళ్ల మీద ఉండే సన్న రంధ్రాలు పూడిపోతే చెట్టు ఊపిరి ఆగిపోతుందని మా తాత చెప్పేవాడు. మేమంతా కలిసి వెళ్లి పారలతో ఆ బురద ఎత్తేద్దామా, యూరియా చల్లుదామా అని ఆలోచిస్తున్నాం. మేడం సలహా కావాలి.

మైక్రో మేడం | ఫిబ్రవరి 18, రాత్రి 8:45

మీ తాతగారు చెప్పింది పూర్తిగా నిజం. అయినా లోపలికి దిగొద్దని బతిమాలుతున్నాను. మడ బురదలో మనిషి అడుగు పడితే పైనున్న జిడ్డు అడుగు లోతుకి దిగుతుంది. పైన రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే గాలి ఉన్న పొర, దాని కింద ఆక్సిజన్ లేదు. పైన ఉంటే ఎండ, ఆటుపోటు, బ్యాక్టీరియా కలిసి కొన్ని నెలల్లో తగ్గిస్తాయి. లోపలికి తొక్కితే పదేళ్లైనా అలాగే ఉండొచ్చు.

అలాస్కాలో ఇదే పాఠం. 1989 మార్చి 24న ఎక్సాన్ వాల్డెజ్ ఓడ రాళ్లకి తగిలి దాదాపు 4 కోట్ల లీటర్ల ముడి చమురు కారింది. తర్వాత అక్కడి రాతి ఒడ్డు మీద ప్రధానంగా చల్లింది బ్యాక్టీరియాని కాదు, నత్రజని, భాస్వరం ఎరువులని. చల్లినచోట చమురు కరిగే వేగం చల్లనిచోటి కన్నా రెట్టింపుకి పైగా పెరిగింది. కానీ రాళ్ల కింద, గాలి తగలని చోట చిక్కిన చమురు రెండు దశాబ్దాల తర్వాత కూడా తవ్వితే బయటపడింది.

మడకి యూరియా కూడా వద్దు. పోటుకి కొట్టుకుపోయి పాయలో నాచు పెంచుతుంది. నీళ్ల మీద తేలేది మాత్రం, పడవ దిగకుండానే, పీచు చుట్టలతో పాయ నోటి దగ్గరే అడ్డుకోండి. అటవీశాఖ వాళ్లకి చెప్పండి, అది అభయారణ్యం. అన్నిటికన్నా ముఖ్యం, బోట్ల దగ్గర పాత ఆయిలు పోసుకోవడానికి ఒక డ్రమ్ము పెట్టించండి.

మడ గాలి | ఫిబ్రవరి 18, రాత్రి 9:30

సరేనండి. పారలు తీసుకుని రేపు బయల్దేరాల్సినవాళ్లం. ఇప్పుడే అందరికీ ఫోన్ చేసి ఆపాను. డ్రమ్ము సంగతి రేవులో మాట్లాడతాను, మా వాళ్లు వింటారు.

ట్రాక్టర్ షెడ్డు | ఫిబ్రవరి 19, ఉదయం 9:15

మాది రావులపాలెం దగ్గర మెకానిక్ షెడ్డు. మా నాన్న కాలం నుంచి పాత ఇంజనాయిలు షెడ్డు వెనక్కే పోశాం. అక్కడ పది గజాలు గడ్డి కూడా మొలవదు. మనసులో ఎప్పటినుంచో ఉంది, ఇప్పుడు అడుగుతున్నాను. దాన్ని బ్యాక్టీరియాతో బాగు చేయొచ్చా?

మైక్రో మేడం | ఫిబ్రవరి 19, రాత్రి 8:10

అడిగినందుకు సంతోషం. డీజిల్ కంటే ఇది కష్టం. ఇంజనాయిలు గొలుసులు పొడవు, వలయాలు ఎక్కువ, నెమ్మదిగా కరుగుతాయి. ఇంజన్‌లో అరిగిన లోహాలు కూడా అందులో ఉంటాయి. బ్యాక్టీరియా నూనెని తింటుంది కానీ లోహాన్ని తినలేదు. కాబట్టి ముందు మట్టిని లోహాలకి పరీక్ష చేయించండి. ఎక్కువుంటే ఆ మట్టిని తీసి ప్రమాదకర వ్యర్థంగా పంపడమే దారి. తక్కువుంటే కింద పొలానికి చెప్పబోయే పద్ధతే, ఏడాది పైన పడుతుంది. ఈరోజు నుంచి కొత్త ఆయిలు పోయకండి, పాత ఆయిలు కొనే లైసెన్సు ఉన్న రీసైక్లింగ్ వాళ్లకి ఇవ్వండి.

చివరాయకట్టు | మార్చి 2, రాత్రి 8:00

నీళ్లు తీసేశాం. మట్టి ఆరుతోంది, నెర్రెలు వస్తున్నాయి. చేతిలో పిసికితే జిడ్డు లేదు కానీ వాసన గుప్పుమంటోంది. ఇక ఎరువు లెక్క చెప్పండి మేడం. ఓనరు మనిషి చెప్పిన లెక్క ప్రకారం కారింది 3 వేల లీటర్లు.

మైక్రో మేడం | మార్చి 2, రాత్రి 9:40

తోడింది తీసేసి, ఆవిరైంది తీసేసి, మట్టిలో 600 లీటర్లు మిగిలిందనుకుందాం. అంటే 500 కిలోలు. అందులో కార్బన్ 430 కిలోల దాకా. వంద పాళ్ల కార్బన్‌కి పది పాళ్ల నత్రజని, ఒక పాలు భాస్వరం అన్నది వాడుకలో ఉన్న లెక్క. అలా చూస్తే 43 కిలోల నత్రజని కావాలి, యూరియాలో 46 శాతం నత్రజని, అంటే 93 కిలోలు. మీ బస్తాల్లో రెండు. భాస్వరానికి డీఏపీ 20 కిలోలు చాలు.

అంతా ఒకేసారి వేస్తే మాత్రం ఉప్పు ఎక్కువై బ్యాక్టీరియాకే దెబ్బ. పైగా చచ్చిన బ్యాక్టీరియాలోని నత్రజనే మళ్లీ తర్వాతి దానికి అందుతుంది కాబట్టి పూర్తి లెక్క చాలాసార్లు అవసరం పడదు. ఇప్పుడు 20 కిలోల యూరియా, డీఏపీ మొత్తం, రెండు బండ్ల మాగిన పశువుల ఎరువు వేసి దున్నండి. నెలకోసారి 10, 12 కిలోల యూరియా. సగం వేశాక ఆగి చూద్దాం. మిగిలిపోయిన నత్రజని సార్వాలో పైరుని విపరీతంగా పెంచి, దోమ పట్టి, పడగొట్టి మళ్లీ మిమ్మల్నే ఏడిపిస్తుంది.

వారానికోసారి కల్టివేటర్ తోలాలి. జాన లోతు చాలు. మట్టి పిడికిట్లో పట్టుకుంటే ముద్ద కట్టాలి, వేలితో నొక్కితే విడిపోవాలి, అంత తడి ఉండాలి. నీళ్లు నిలవకూడదు, ఎండి రాయవ్వకూడదు.

మన డెల్టాలో ఒక అదృష్టం ఉంది. ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు, జూన్ దాకా చేలు ఎండుతాయి. నల్లమట్టి దానంతటదే నెర్రెలిచ్చి గాలి పీల్చుకుంటుంది. పైగా ఎండాకాలపు వేడి. అలాస్కా వాళ్లకి లేని వేడి మనకుంది. ఈ మూడు నెలలే మీ అసలు పంటకాలం అనుకోండి.

పీచు మిల్లు | మార్చి 3, ఉదయం 6:30

కొబ్బరి పొట్టు కలిపితే మట్టి గుల్లవుతుంది కదా మేడం? నా దగ్గర గుట్టలున్నాయి.

మైక్రో మేడం | మార్చి 3, ఉదయం 8:20

గుల్లవుతుంది. కానీ పచ్చి పొట్టు వద్దు. అందులో కార్బన్ మరీ ఎక్కువ, వేసిన యూరియాని అదే లాక్కుంటుంది. రెండు మూడు వానలకి తడిసి మాగిన పాత గుట్ట అడుగు పొట్టు ఉంటే ఇవ్వండి.

చివరాయకట్టు | ఏప్రిల్ 20, రాత్రి 8:30

ఏడు సార్లు తోలాను. ఎండకి తెల్లారి ఆరింటికే మొదలెట్టి ఎనిమిదింటికి దిగిపోయేవాణ్ణి. మొదట్లో కల్టివేటర్ పళ్లు మట్టిని లేపగానే కళ్లు మండేవి. ఇప్పుడు ముక్కు దగ్గర పెట్టుకుంటే తప్ప వాసన లేదు. ఒకచోట మట్టి వెచ్చగా, కొత్త వాన పడ్డ వాసనొచ్చింది. చెయ్యి పెట్టి చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

బాగుపడిందని ఎలా తెలుసుకోవాలి?

మైక్రో మేడం | ఏప్రిల్ 20, రాత్రి 9:15

ల్యాబు పరీక్ష చేయించాలి, పరిహారానికి ఆ కాగితం ఎలాగూ కావాలి. ఈలోగా ఇంట్లో ఒకటి చేయండి. నాలుగైదు చోట్ల మట్టి తీసి కలిపి ఒక కుండీలో, చెడని చేను మట్టి ఇంకో కుండీలో. రెండింట్లో 20 చొప్పున పిల్లిపెసర గింజలు. మొలకలు లెక్కపెట్టి, పది రోజులకి పెరికి వేళ్లు పక్కపక్కన పెట్టి చూడండి. వేరు పొట్టిగా, గోధుమ రంగులో ముడుచుకుంటే ఇంకా ఉన్నట్టు.

చివరాయకట్టు | మే 3, ఉదయం 7:00

మంచి మట్టిలో 19 మొలిచాయి, మన మట్టిలో 13. వేళ్లు మంచి మట్టిలో బెత్తెడు, ఇందులో దానికి సగం. కానీ తెల్లగానే ఉన్నాయి మేడం. మా చిన్నది రోజూ రెండు కుండీలకీ నీళ్లు పోసి లెక్కపెట్టింది. మూడో విడత యూరియా వేశాను.

పంచనామా | మే 3, ఉదయం 8:40

ఆ కుండీలు ఫోటో తీసి తేదీ వేసి పెట్టుకోండి. కలెక్టరేట్‌లో దరఖాస్తు నంబరు వచ్చిందా?

చివరాయకట్టు | మే 3, ఉదయం 9:05

వచ్చిందండి. పైరు నష్టం లెక్క వ్యవసాయశాఖ వాళ్లు వేసి ఇచ్చారు.

చివరాయకట్టు | జూన్ 24, రాత్రి 8:45

కాలువ నీళ్లొచ్చాయి. రెండోసారి కుండీల్లో 20కి 18 మొలిచాయి. ల్యాబు రిపోర్టు చూసి 18 సెంట్లలో సార్వా నాటుకోవచ్చని మేడం ఫోన్‌లో చెప్పారు. నారు పోశాను.

రెండు సెంట్లు మాత్రం వదిలేశాను. పైపు పెట్టిన మూల, గుంత తీసిన చోటు. పైన బాగానే ఉంది. జాన లోతు తవ్వితే నీలం కలిసిన బూడిద రంగు మట్టి, అందులో ఇంకా వాసన.

మైక్రో మేడం | జూన్ 24, రాత్రి 9:20

ఆ నీలం రంగే గాలి అందలేదన్న గుర్తు. వానలు ముదిరే లోపు ఆ మట్టి తీసి, గట్టు మీద టార్పాలిన్ పరిచి మోకాలెత్తు కుప్ప పోయండి. మాగిన పొట్టు కలపండి, మధ్యలో చిల్లులు పెట్టిన పైపులు అడ్డంగా ఉంచండి, గాలికి. పైన ఇంకో టార్పాలిన్ కప్పండి, వాన నీళ్లు దిగి డ్రెయిన్‌లోకి కారకూడదు. పదిహేను రోజులకోసారి తిరగేయండి. గుంతలో కొత్త మట్టి పోసుకోండి.

పీచు మిల్లు | జూన్ 24, రాత్రి 9:35

పొట్టు రేపు ఉదయం ఆటోలో వేస్తాను. పైపులు నా దగ్గర పాతవి ఉన్నాయి, అవీ పంపుతాను.

చివరాయకట్టు | జూన్ 27, సాయంత్రం 6:50

కుప్ప పోశామండి. నాలుగు పైపులు పెట్టాం. మా తమ్ముడు చిల్లులు వేశాడు, చిన్నది కుప్ప పక్కన పుల్ల పాతి తేదీ రాసింది. తిరగేయాల్సిన రోజు జూలై 12.